కమాండ్ లైన్‌లో రూటింగ్ టేబుల్: చదవడం, మార్చడం, నిలబెట్టుకోవడం

ల్యాప్‌టాప్‌కి వైర్ తగిలించగానే ఇంటర్నెట్ ఆగిపోతుంది. వైర్ పీకేస్తే ఇంటర్నెట్ వస్తుంది కానీ లోపలి నెట్‌వర్క్‌లోని సర్వర్ అందదు. వీపీఎన్ ఆన్ చేస్తే పక్కనే ఉన్న ప్రింటర్ మాయమవుతుంది. ఇలాంటప్పుడు చాలామంది వైఫై ఆపి మళ్లీ పెడతారు, రౌటర్ రీస్టార్ట్ చేస్తారు, చివరికి మెషీన్‌నే రీస్టార్ట్ చేస్తారు. ఒక్కోసారి పని అవుతుంది కూడా, కానీ ఎందుకు అయిందో తెలియదు కాబట్టి కొన్నాళ్లకి మళ్లీ అదే టెన్షన్. ఏ అడ్రస్‌కి వెళ్లాల్సిన ప్యాకెట్‌ని (డేటా ముక్కని) ఏ దారిన పంపాలో నిర్ణయించేది మీ మెషీన్‌లోనే ఉన్న ఒక చిన్న పట్టిక, అదే రూటింగ్ టేబుల్. దాన్ని చూడటానికీ మార్చడానికీ విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ కమాండ్లు సిద్ధంగా ఉన్నాయి, కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు.

ఈ మార్గదర్శి మొత్తంలో నేను పట్టుబట్టి చెప్పే మాట ఒక్కటే: రూట్ మార్చే ముందు, మార్చిన తర్వాత, 'ఈ అడ్రస్‌కి ఏ దారిన వెళ్తావు?' అని మెషీన్‌నే అడగండి. ఊహించి మార్చడం వల్లే సగం గొడవలు వస్తాయి.

కమాండ్లను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి. అంకెలు, చుక్కలు, గీతలు ఉన్నవి ఉన్నట్టే.

మనం పట్టుకునే ఉదాహరణ

ఒక మెషీన్‌కి రెండు కనెక్షన్లు ఉన్నాయనుకుందాం. వైఫై 192.168.1.0/24 నెట్‌వర్క్‌లో ఉంది (/24 అంటే అడ్రస్‌లోని 32 బిట్లలో మొదటి 24 నెట్‌వర్క్‌వి), దాని గేట్‌వే, అంటే ఆ నెట్‌వర్క్ దాటించే రౌటర్, 192.168.1.1, ఇంటర్నెట్ అటునుంచే. వైర్ 172.16.5.0/24లో ఉంది, అందులో మన అడ్రస్ 172.16.5.40, గేట్‌వే 172.16.5.1. ఆ గేట్‌వే వెనక 10.20.0.0/16 అనే పెద్ద లోపలి నెట్‌వర్క్ ఉంది, మనకి కావాల్సిన సర్వర్ 10.20.3.4 అందులోనే. మనకి కావాల్సింది కూడా సింపుల్: 10.20తో మొదలయ్యేవన్నీ వైర్ మీద, మిగతావన్నీ వైఫై మీద.

టేబుల్ ఎలా ఆలోచిస్తుంది

ఇది అర్థమైతే మిగతాదంతా కమాండ్ల స్పెల్లింగే, అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం.

టేబుల్‌లో ప్రతి వరుసా ఒక రూట్. అందులో ముఖ్యంగా నాలుగు విషయాలుంటాయి: ఏ నెట్‌వర్క్‌కి, ఏ గేట్‌వే ద్వారా, ఏ ఇంటర్‌ఫేస్ (నెట్‌వర్క్ కార్డు) మీదుగా, ఎంత మెట్రిక్‌తో (ప్రాధాన్యం చెప్పే అంకె, తక్కువుంటే ముందు). ప్యాకెట్ బయల్దేరేటప్పుడు దాని గమ్యం అడ్రస్ ఏయే వరుసలకి సరిపోతుందో మెషీన్ చూస్తుంది. ఒకటి కంటే ఎక్కువ సరిపోతే, వాటిలో ప్రిఫిక్స్ (గీత తర్వాతి అంకె) అన్నిటికంటే పొడవుగా ఉన్నదాన్ని, అంటే అన్నిటికంటే ఇరుకైన నెట్‌వర్క్‌ని ఎంచుకుంటుంది. 10.20.3.4కి వెళ్లే ప్యాకెట్‌కి 0.0.0.0/0, 10.0.0.0/8, 10.20.0.0/16 మూడూ సరిపోతాయి, కానీ గెలిచేది /16 ఉన్నదే. అక్కడికి /32తో 10.20.3.4 ఒక్కదానికే ఇంకో రూట్ ఉంటే అది దీన్నీ ఓడిస్తుంది. 0.0.0.0/0 అంటే డిఫాల్ట్ రూట్. అది అన్ని అడ్రస్‌లకీ సరిపోతుంది కాబట్టే అన్నిటికంటే చివరి అవకాశం దానిది.

మరి మెట్రిక్? చాలామంది పొరబడేది ఇక్కడే. మెట్రిక్ తక్కువున్న రూటే ఎప్పుడూ గెలుస్తుంది అనుకుంటారు. కాదు. ఒకే ప్రిఫిక్స్‌తో రెండు రూట్లు ఉన్నప్పుడు మాత్రమే మెట్రిక్ లెక్కలోకి వస్తుంది. మెట్రిక్ 5000 ఉన్న /24 రూట్ కూడా మెట్రిక్ 1 ఉన్న డిఫాల్ట్‌ని ఓడిస్తుంది. అంటే 10.20.0.0/16కి విడిగా రూట్ వేస్తే, డిఫాల్ట్ ఎటు పోతున్నా, ఆ ట్రాఫిక్ మనం చెప్పిన దారిలోనే వెళ్తుంది. వీపీఎన్ సాఫ్ట్‌వేర్లు దీన్ని తెలివిగా వాడుకుంటాయి: ఉన్న డిఫాల్ట్‌ని చెరపకుండా 0.0.0.0/1, 128.0.0.0/1 అని రెండు రూట్లు వేస్తాయి. ఆ రెండూ కలిస్తే మొత్తం అడ్రస్‌లన్నీ వచ్చేస్తాయి, /1 కాబట్టి /0ని ఓడిస్తాయి, వీపీఎన్ ఆపగానే ఆ రెండూ పోతాయి, పాత డిఫాల్ట్ చెక్కుచెదరకుండా ఉంటుంది. ఓపెన్‌వీపీఎన్ వాడేవాళ్లు టేబుల్ తెరిచి చూస్తే ఇవి కనబడే అవకాశం ఎక్కువ, చూసి కంగారు పడొద్దు.

ఇంకొక్క సంగతి. టేబుల్‌కి తెలిసేది తర్వాతి అడుగు మాత్రమే, గమ్యం దాకా ఉన్న దారి మొత్తం కాదు. అందుకే మీరిచ్చే గేట్‌వే మీ మెషీన్‌కి నేరుగా తగిలే నెట్‌వర్క్‌లో ఉండాలి. రెండు రౌటర్ల అవతల ఉన్న అడ్రస్‌ని గేట్‌వేగా ఇస్తే మెషీన్ ఒప్పుకోదు.

మొదటి అడుగు: ఉన్నది చూడండి

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి:

రూట్ ప్రింట్ -4

-4 లేకుండా కొడితే ఐపీవీ6 కూడా వచ్చి స్క్రీన్ నిండిపోతుంది. పైన ఇంటర్‌ఫేస్‌ల జాబితా ఉంటుంది, ప్రతిదానికీ ఎడమవైపు ఒక నంబర్, అది తర్వాత పనికొస్తుంది. కింద అసలు టేబుల్. ఇక్కడ ఇంటర్‌ఫేస్ అనే నిలువు వరుసలో కనిపించేది కార్డు పేరు కాదు, ఆ కార్డుకి ఉన్న మీ సొంత ఐపీ అడ్రస్. గేట్‌వే దగ్గర 'ఆన్-లింక్' అని ఉంటే గేట్‌వే అవసరం లేదు, ఆ నెట్‌వర్క్ నేరుగా తగిలే ఉందని అర్థం. చిట్టచివర 'పర్సిస్టెంట్ రూట్స్' అని విడిగా ఉంటుంది, రీస్టార్ట్ చేసినా నిలిచే రూట్లు అక్కడ ఉంటాయి. లిస్టు మరీ పొడవైతే రూట్ ప్రింట్ 10.* అని కొట్టండి, 10తో మొదలయ్యేవే వస్తాయి.

లినక్స్‌లో:

ఐపీ రూట్ షో

మన ఉదాహరణలో దాదాపు ఇలా వస్తుంది:

డిఫాల్ట్ వయా 172.16.5.1 డెవ్ ఈత్0 ప్రోటో డీహెచ్‌సీపీ మెట్రిక్ 100
డిఫాల్ట్ వయా 192.168.1.1 డెవ్ డబ్ల్యూలాన్0 ప్రోటో డీహెచ్‌సీపీ మెట్రిక్ 600
172.16.5.0/24 డెవ్ ఈత్0 ప్రోటో కర్నెల్ స్కోప్ లింక్ ఎస్ఆర్‌సీ 172.16.5.40 మెట్రిక్ 100
192.168.1.0/24 డెవ్ డబ్ల్యూలాన్0 ప్రోటో కర్నెల్ స్కోప్ లింక్ ఎస్ఆర్‌సీ 192.168.1.23 మెట్రిక్ 600

చూశారా, వైర్ పెట్టగానే ఇంటర్నెట్ ఎందుకు పోయిందో ఇక్కడే తేలిపోయింది. రెండు డిఫాల్ట్‌లు ఉన్నాయి. లినక్స్‌లో కనెక్షన్లని చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ మామూలుగా వైర్‌కి 100, వైఫైకి 600 మెట్రిక్ ఇస్తుంది, అందుకని వైర్ గెలిచింది, ఆ వైర్ వెనక ఇంటర్నెట్ లేదు. 'డెవ్' తర్వాత వచ్చేది ఇంటర్‌ఫేస్ పేరు, మీ మెషీన్‌లో అది వేరుగా ఉండొచ్చు, ఐపీ లింక్ అని కొడితే అసలు పేర్లు తెలుస్తాయి. 'ప్రోటో' చూస్తే ఆ రూట్‌ని ఎవరు వేశారో తెలుస్తుంది: డీహెచ్‌సీపీ అంటే రౌటర్ ఇచ్చిన సమాచారంతో వచ్చింది, కర్నెల్ అంటే ఇంటర్‌ఫేస్‌కి అడ్రస్ పెట్టగానే దానంతట అదే వచ్చింది. కర్నెల్ వేసినవాటిని ముట్టుకోకండి.

పాత పుస్తకాల్లో రూట్ -ఎన్ అనే కమాండ్ ఉంటుంది. అది నెట్-టూల్స్ అనే పాత ప్యాకేజీలోది, చాలా కొత్త డిస్ట్రోల్లో అసలు ఉండదు. ఐపీ కమాండ్‌నే అలవాటు చేసుకోండి.

మ్యాక్‌లో నెట్‌స్టాట్ -ఆర్‌ఎన్. చివర సున్నాల్ని మింగేసి చూపిస్తుంది, 10.20/16 అని కనిపిస్తే అది 10.20.0.0/16. రెండు కనెక్షన్లు ఉంటే ఇక్కడా రెండు డిఫాల్ట్‌లు కనిపించొచ్చు, ఫ్లాగ్స్‌లో పెద్ద 'ఐ' అక్షరం ఉన్నది ఆ ఇంటర్‌ఫేస్‌కే పరిమితమైన రూట్, మామూలు ట్రాఫిక్ దానిమీద పోదు.

రెండో అడుగు: మెషీన్‌నే అడగండి

టేబుల్ మొత్తం చదివి మనసులో లెక్కలు కట్టడం కంటే ఇది నయం. లినక్స్‌లో:

ఐపీ రూట్ గెట్ 10.20.3.4

ఏ గేట్‌వే, ఏ ఇంటర్‌ఫేస్, ఏ సోర్స్ అడ్రస్ వాడబోతోందో ఒక్క లైన్లో చెప్తుంది, ప్యాకెట్ ఏదీ పంపకుండానే. మ్యాక్‌లో రూట్ -ఎన్ గెట్ 10.20.3.4. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి:

ఫైండ్-నెట్‌రూట్ -రిమోట్‌ఐపీఅడ్రస్ 10.20.3.4

జవాబులో రెండు భాగాలుంటాయి, వాడబోయే సొంత అడ్రస్ ఒకటి, ఎంచుకున్న రూట్ ఒకటి. రెండూ చూడండి. సోర్స్ అడ్రస్ తప్పుగా ఉంటే ప్యాకెట్ వెళ్తుంది కానీ జవాబు రాదు, దాని సంగతి కిందకి వస్తుంది.

మూడో అడుగు: వెనక్కి వచ్చే దారి పెట్టుకోండి

ముందుగా ఇప్పుడున్న టేబుల్‌ని ఫైల్లోకి తీసి ఉంచండి, పైన చెప్పిన కమాండ్ చివర > గుర్తు పెట్టి ఫైల్ పేరు ఇస్తే చాలు. మెషీన్ మీ ముందే ఉంటే ఇంతవరకు సరిపోతుంది.

ఎక్కడో ఉన్న సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌తోనో రిమోట్ డెస్క్‌టాప్‌తోనో వెళ్లి పని చేస్తుంటే మాత్రం దయచేసి ఈ అడుగు దాటేయొద్దు. తప్పు రూట్ ఒక్కటి వేస్తే మీ సెషన్ అక్కడికక్కడే గడ్డకట్టుకుపోతుంది, సరిచేద్దామంటే లోపలికి వెళ్లే దారే ఉండదు. కమాండ్‌తో వేసిన రూట్లు, శాశ్వతం చేయనంతవరకు, రీస్టార్ట్‌తో పోతాయి. ఈ గుణాన్నే మనకి రక్షణగా వాడుకుందాం. లినక్స్‌లో ముందు

సుడో షట్‌డౌన్ -ఆర్ +5

అని కొట్టండి (సుడో అంటే అడ్మిన్ అధికారంతో నడపడం), 5 నిమిషాల్లో రీస్టార్ట్ అవుతుంది. ఈలోపు రూట్ మార్చి, అంతా బాగుంటే సుడో షట్‌డౌన్ -సీ అని రద్దు చేయండి. విండోస్‌లో ఇదే పని షట్‌డౌన్ /ఆర్ /టీ 300, రద్దుకి షట్‌డౌన్ /ఏ. రీస్టార్ట్ చేయడానికి వీల్లేని సర్వర్ అయితే, 'మూడు నిమిషాలు ఆగి ఈ రూట్ తీసేయి' అనే కమాండ్‌ని ముందే బ్యాక్‌గ్రౌండ్‌లో నడపండి: స్లీప్ 180, ఆ తర్వాత ఐపీ రూట్ డెల్, రెండూ కలిపి అడ్మిన్ యూజర్‌గా (లినక్స్‌లో దాని పేరూ 'రూట్'ే, దారి అని కాదు), సెషన్ తెగినా ఆగకుండా నోహప్‌తో. దీంతోపాటు, మీరు కూర్చున్న మెషీన్ అడ్రస్‌కి ఐపీ రూట్ గెట్ కొట్టి, మీ సెషన్ ఏ రూట్ మీద నడుస్తోందో చూసి, ఆ రూట్ జోలికి వెళ్తున్నారో లేదో తేల్చుకోండి.

నాలుగో అడుగు: రూట్ వేయడం

లినక్స్:

సుడో ఐపీ రూట్ యాడ్ 10.20.0.0/16 వయా 172.16.5.1 డెవ్ ఈత్0

విండోస్, అడ్మిన్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో:

రూట్ యాడ్ 10.20.0.0 మాస్క్ 255.255.0.0 172.16.5.1

మ్యాక్:

సుడో రూట్ -ఎన్ యాడ్ -నెట్ 10.20.0.0/16 172.16.5.1

విండోస్‌లోని ఈ పాత కమాండ్‌తో మాస్క్ అలవాటు చేసుకోవాలి: /24 అంటే 255.255.255.0, /20 అంటే 255.255.240.0, /16 అంటే 255.255.0.0, /12 అంటే 255.240.0.0. మాస్క్ రాయడం మర్చిపోతే విండోస్ దాన్ని 255.255.255.255 అనుకుంటుంది, అంటే ఆ ఒక్క అడ్రస్‌కే రూట్ పడుతుంది. 'ఓకే!' అని కూడా చెప్తుంది, కానీ మీ సర్వర్ అందదు. లినక్స్‌లో /16 వదిలేసినా ఇంతే, /32గా పడుతుంది. ఎర్రర్ రాని తప్పు ఇది, అందుకే పట్టుకోవడం కష్టం. వేసిన వెంటనే రెండో అడుగులోని ప్రశ్న మళ్లీ అడిగితే బయటపడుతుంది. విండోస్‌లో ఏ కార్డు మీద వెళ్లాలో గట్టిగా చెప్పాలంటే చివర ఇఫ్ అని రాసి ఇంటర్‌ఫేస్ నంబర్ ఇవ్వండి, చాలాసార్లు అవసరం ఉండదు, గేట్‌వేని బట్టి అదే కనిపెట్టుకుంటుంది.

పవర్‌షెల్ ఇష్టమైతే న్యూ-నెట్‌రూట్ ఉంది, అది 10.20.0.0/16 రూపాన్నే తీసుకుంటుంది. జాగ్రత్త ఒక్కటే: పాత రూట్ కమాండ్ తాత్కాలికంగా వేస్తుంది, న్యూ-నెట్‌రూట్ ఏమీ చెప్పకపోతే శాశ్వతంగా కూడా వేసేస్తుంది. పరీక్ష కోసమైతే -పాలసీస్టోర్ యాక్టివ్‌స్టోర్ అని చేర్చండి.

ఎర్రర్లు వస్తే వాటి అర్థాలు చూద్దాం. లినక్స్‌లో 'ఫైల్ ఎగ్జిస్ట్స్' అంటే ఫైల్ గొడవ కాదు, అదే ప్రిఫిక్స్, అదే మెట్రిక్‌తో రూట్ ఇప్పటికే ఉందని. యాడ్ బదులు రీప్లేస్ వాడితే పాతది పోయి కొత్తది వస్తుంది, కాకపోతే మెట్రిక్ వేరుగా ఇస్తే పాతది అలాగే ఉండి పక్కన ఇంకోటి చేరుతుంది. 'నెక్స్ట్‌హాప్ హ్యాజ్ ఇన్‌వాలిడ్ గేట్‌వే' లేదా 'నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్' అంటే మీరిచ్చిన గేట్‌వే నేరుగా తగిలే నెట్‌వర్క్‌లో లేదు. ముందు ఇంటర్‌ఫేస్‌కి అడ్రస్ వచ్చిందో లేదో చూడండి. 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' అంటే సుడో మర్చిపోయారు. 10.20.3.4/16 అని రాస్తే కూడా ఒప్పుకోదు, /16కి చివరి రెండు భాగాలూ సున్నాలే ఉండాలి. విండోస్‌లో 'రిక్వైర్స్ ఎలివేషన్' అంటే ప్రాంప్ట్‌ని అడ్మిన్‌గా తెరవలేదు.

ఐదో అడుగు: డిఫాల్ట్‌ని దారికి తేవడం

10.20 ఇప్పుడు వైర్ మీద వెళ్తోంది, బాగుంది. కానీ ఇంటర్నెట్ ఇంకా రాదు, ఎందుకంటే గెలుస్తున్న డిఫాల్ట్ వైర్‌దే. ఇక్కడ వెంటనే చేతికొచ్చే ఆలోచన ఆ డిఫాల్ట్‌ని డిలీట్ చేయడం. అప్పటికప్పుడు పని అవుతుంది కూడా:

సుడో ఐపీ రూట్ డెల్ డిఫాల్ట్ వయా 172.16.5.1 డెవ్ ఈత్0

గేట్‌వే, ఇంటర్‌ఫేస్ రాయకుండా ఉత్తినే డెల్ డిఫాల్ట్ అని కొట్టకండి, ఏది పోతుందో మీ చేతిలో ఉండదు. ఇలా తీసేసినా, డీహెచ్‌సీపీ ద్వారా వచ్చినది కాబట్టి వైర్ పీకి పెట్టగానే మళ్లీ ప్రత్యక్షమవుతుంది. నా దృష్టిలో సరైన పని, వైర్ కనెక్షన్‌కి 'నువ్వు డిఫాల్ట్ కావద్దు' అని ఒకసారి చెప్పేయడం. నెట్‌వర్క్‌మేనేజర్ ఉన్న లినక్స్‌లో:

ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ మాడిఫై "వైర్డ్ కనెక్షన్ 1" ఐపీవీ4.నెవర్-డిఫాల్ట్ యస్

కొటేషన్లలో పెట్టింది కనెక్షన్ పేరు, మీ మెషీన్‌లో ఏముందో ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ షో చెప్తుంది. తర్వాత ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ అప్ అని అదే పేరిచ్చి మళ్లీ లేపాలి, అప్పటిదాకా మార్పు అమల్లోకి రాదు.

విండోస్‌లో ఇంటర్‌ఫేస్ మెట్రిక్ మార్చడం తేలిక. విండోస్ అసలు మెట్రిక్‌ని కట్టే పద్ధతి ఏమిటంటే, రూట్‌కి ఉన్న మెట్రిక్, ఇంటర్‌ఫేస్‌కి ఉన్న మెట్రిక్, రెండూ కలుపుతుంది. రూట్ ప్రింట్‌లో కనిపించేది ఆ మొత్తం. ఇంటర్‌ఫేస్ మెట్రిక్‌ని లింక్ స్పీడ్ బట్టి దానంతట అదే పెట్టుకుంటుంది, వేగంగా ఉన్న వైర్‌కి తక్కువ పడుతుంది. కాబట్టి అడ్మిన్ పవర్‌షెల్‌లో వైర్‌కి పెద్ద అంకె ఇవ్వండి, 12 అన్నది దాని నంబర్ అయితే:

సెట్-నెట్‌ఐపీఇంటర్‌ఫేస్ -ఇంటర్‌ఫేస్‌ఇండెక్స్ 12 -ఇంటర్‌ఫేస్‌మెట్రిక్ 500

పాత స్థితికి రావాలంటే అదే కమాండ్‌లో మెట్రిక్ బదులు -ఆటోమాటిక్‌మెట్రిక్ ఎనేబుల్డ్. మ్యాక్‌లో మెట్రిక్‌లతో పని లేదు, సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ సర్వీసుల వరుసక్రమం ఉంటుంది, వైఫైని వైర్ కంటే పైకి జరిపితే డిఫాల్ట్ అటు మారుతుంది.

ఆరో అడుగు: పరీక్షించడం, జవాబు రాకపోతే వెతకడం

ముందు పేరుతో కాకుండా అంకెల అడ్రస్‌తోనే పరీక్షించండి. పేరు తెలియకపోవడం డీఎన్ఎస్ సమస్య, దారి తెలియకపోవడం రూటింగ్ సమస్య, రెండిటినీ కలిపి వెతికితే గంటలు పోతాయి. పింగ్ కొట్టండి, కానీ పింగ్‌కి జవాబు రానంత మాత్రాన దారి లేదని కాదు, ఫైర్‌వాల్‌లు దాన్ని ఆపేస్తుంటాయి. విండోస్‌లో ట్రేసర్ట్ -డీ, లినక్స్, మ్యాక్‌లలో ట్రేస్‌రూట్ -ఎన్ కొట్టండి, దారిలోని రౌటర్లు వరుసగా వస్తాయి, వాటిలో మొదటిది చూడండి. మొదటి వరుసలో 172.16.5.1 వచ్చిందంటే మీ టేబుల్ తన పని తాను చేసింది, ఆపైన ఆగితే తప్పు మీ మెషీన్‌లోనే ఉందనుకోనక్కర్లేదు.

ఇప్పుడు అందరూ మర్చిపోయే విషయం: ప్యాకెట్ వెళ్లడం సగం పని, జవాబు తిరిగి రావడం మిగతా సగం. 10.20.3.4 దగ్గర, దారిలోని రౌటర్ల దగ్గర, 172.16.5.0/24కి తిరుగు దారి ఉండాలి. అది మీ టేబుల్‌తో సరిదిద్దేది కాదు, మీరిక్కడ ఎన్ని రూట్లు వేసినా ఫలితం ఉండదు. తేడా కనిపెట్టడానికి లినక్స్‌లో, మ్యాక్‌లో కార్డు మీద వెళ్లే, వచ్చే ప్యాకెట్లని చూపించే టీసీపీడంప్ అంత నమ్మకమైనది ఇంకోటి లేదు:

సుడో టీసీపీడంప్ -ఎన్ఐ ఈత్0 హోస్ట్ 10.20.3.4

ఒక విండోలో ఇది నడుస్తుండగా ఇంకో విండోలో పింగ్ కొట్టండి. బయటికి వెళ్లేవే కనబడక, అసలేమీ రాకపోతే మీ టేబుల్ తప్పు. వెళ్లేవి కనిపించి వచ్చేవి లేకపోతే, అవతలివైపు తిరుగు దారో ఫైర్‌వాలో చూడాలి. వెళ్లేవాటి సోర్స్ అడ్రస్ 172.16.5.40 కాకుండా 192.168.1.23 అని ఉందంటే దొరికిపోయింది: లోపలి నెట్‌వర్క్‌కి మీ వైఫై అడ్రస్ ఎక్కడుందో తెలియదు. రూట్ చివర ఎస్ఆర్‌సీ 172.16.5.40 అని చేర్చి మళ్లీ వేయండి.

రెండు కనెక్షన్లున్న సర్వర్‌లో దీనికి ఇంకో రూపం ఉంది. బయటి నెట్‌వర్క్ నుంచి ఎవరో వైర్ అడ్రస్‌కి కనెక్ట్ అవుతారు, జవాబు మాత్రం డిఫాల్ట్ ప్రకారం రెండో కార్డు మీద పోతుంది, మధ్యలో ఫైర్‌వాల్ దాన్ని పారేస్తుంది. మామూలు టేబుల్ గమ్యాన్ని మాత్రమే చూస్తుంది కాబట్టి దీన్ని తీర్చలేదు. లినక్స్‌లో ఒకటి కంటే ఎక్కువ టేబుల్స్ పెట్టుకోవచ్చు, మనం ఇంతసేపూ చూసింది 254 నంబర్ ఉన్న మెయిన్ టేబుల్. ఇంకోటి తయారుచేసి, సోర్స్ బట్టి అటు పంపాలి:

సుడో ఐపీ రూట్ యాడ్ డిఫాల్ట్ వయా 172.16.5.1 డెవ్ ఈత్0 టేబుల్ 100
సుడో ఐపీ రూల్ యాడ్ ఫ్రమ్ 172.16.5.40 టేబుల్ 100

వైర్ అడ్రస్ నుంచి బయల్దేరే ప్రతిదీ వైర్ మీదే పోతుంది. ఐపీ రూల్ షో కొడితే నియమాలన్నీ వరుసగా కనిపిస్తాయి. టేబుల్ అంతా సరిగ్గా ఉండి కూడా ప్యాకెట్లు వింతగా పోతుంటే ఆ వరుసలు చూడండి, వీపీఎన్ సాఫ్ట్‌వేర్ ఏదైనా అక్కడ తన రూల్ పెట్టి ఉండొచ్చు.

డాకర్ వాడేవాళ్లకి ఒక మాట. అది మామూలుగా 172.17.0.0/16ని తన బ్రిడ్జ్‌కి తీసుకుంటుంది. మీ లోపలి నెట్‌వర్క్‌లో 172.17తో మొదలయ్యే సర్వర్లు ఉంటే, డాకర్ ఉన్న మెషీన్ నుంచి అవి అందవు, ప్యాకెట్లు మెషీన్ లోపలే తిరిగి చచ్చిపోతాయి. ఐపీ రూట్ గెట్ కొడితే డాకర్0 అని చూపిస్తుంది. ఇక్కడ రూట్లతో కుస్తీ పట్టొద్దు, డాకర్ సెట్టింగ్స్‌లోనే దాని రేంజ్ మార్చండి.

ఏడో అడుగు: శాశ్వతం చేయడం

పరీక్ష పూర్తయి, పని అవుతోందని తేలాకే ఇది. విండోస్‌లో -పీ చేర్చాలి:

రూట్ -పీ యాడ్ 10.20.0.0 మాస్క్ 255.255.0.0 172.16.5.1

ఇది రిజిస్ట్రీలోకి వెళ్తుంది, తీసేయాలంటే రూట్ డిలీట్ 10.20.0.0 చాలు. ముందు వేసిన తాత్కాలిక రూట్ ఇంకా ఉంటే దాన్ని తీసేసి వేయండి.

నెట్‌వర్క్‌మేనేజర్ ఉన్నచోట:

ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ మాడిఫై "వైర్డ్ కనెక్షన్ 1" +ఐపీవీ4.రూట్స్ "10.20.0.0/16 172.16.5.1"

ముందున్న ప్లస్ గుర్తు ముఖ్యం, అది లేకపోతే ఇంతకుముందు ఆ కనెక్షన్‌లో పెట్టుకున్న రూట్లన్నీ పోయి ఇదొక్కటే మిగులుతుంది. ఉబుంటు సర్వర్లలో నెట్‌ప్లాన్ ఉంటుంది, ఈటీసీ కింద నెట్‌ప్లాన్ ఫోల్డర్‌లోని ఫైల్లో ఆ ఇంటర్‌ఫేస్ కింద 'రూట్స్' అని పెట్టి, 'టు'లో 10.20.0.0/16, 'వయా'లో గేట్‌వే రాయాలి. ఖాళీలు తేడా వస్తే ఫైల్ చదవదు. రాశాక నెట్‌ప్లాన్ అప్లై కొట్టొద్దు, నెట్‌ప్లాన్ ట్రై కొట్టండి: మీరు 120 సెకన్లలో ఎంటర్ నొక్కకపోతే పాత సెట్టింగ్స్‌కి అదే వెనక్కి వెళ్లిపోతుంది, రిమోట్ సర్వర్ల కోసం ఇంతకంటే మంచి సదుపాయం లేదు.

మ్యాక్‌లో నెట్‌వర్క్‌సెటప్ కమాండ్‌కి -సెట్‌అడిషనల్‌రూట్స్ అనే ఆప్షన్ ఉంది, సర్వీస్ పేరు, నెట్‌వర్క్, మాస్క్, గేట్‌వే వరుసగా ఇవ్వాలి. ప్రతిసారీ మొత్తం జాబితా ఇవ్వాలి, కొత్తది ఒక్కటే ఇస్తే పాతవి పోతాయి.

చెడిపోతే

విండోస్‌లో రూట్ -ఎఫ్ అనే కమాండ్ ఉంది, గేట్‌వే రూట్లన్నిటినీ తుడిచేస్తుంది. లినక్స్‌లో ఐపీ రూట్ ఫ్లష్ టేబుల్ మెయిన్ అలాంటిదే. రిమోట్ మెషీన్‌లో ఈ రెండూ కొట్టే అవసరం నాకు తోచదు. తప్పు రూట్ ఏదో తెలిస్తే దాన్నొక్కదాన్నే తీయండి. తెలియకపోతే, మూడో అడుగులో తీసిన ఫైల్‌తో ఇప్పటి టేబుల్‌ని పోల్చండి. అదీ కుదరకపోతే కనెక్షన్‌ని ఆపి లేపండి: ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ అప్, లేదా విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ /రిలీజ్, ఆ తర్వాత /రెన్యూ. డీహెచ్‌సీపీ ఇచ్చే రూట్లు తిరిగొస్తాయి.

ఐపీవీ6కి విడి టేబుల్ ఉంటుంది, ఐపీ -6 రూట్ షో, లేదా రూట్ ప్రింట్ -6. ఐపీవీ4లో అన్నీ సరిచేసి, వెబ్‌సైట్లు మాత్రం ఇంకా పాత దారిలోనే పోతున్నాయంటే ::/0 వరుస, అంటే ఐపీవీ6 డిఫాల్ట్, చూడండి. అక్కడ గేట్‌వేలు చాలావరకు ఎఫ్ఈ80తో మొదలయ్యే లింక్-లోకల్ అడ్రస్‌లు, అవి ప్రతి ఇంటర్‌ఫేస్ మీదా ఉండగలవు కాబట్టి రూట్ వేసేటప్పుడు డెవ్ తప్పనిసరి.

ఇక మన ఉదాహరణలో మిగిలిన చిన్న రంధ్రం. వైర్ ఊడిపోతే 10.20.0.0/16 రూట్ కూడా టేబుల్ నుంచి పోతుంది, అప్పుడు లోపలి సర్వర్‌కి వెళ్లాల్సిన ప్యాకెట్లు డిఫాల్ట్ పట్టుకుని వైఫై మీద బయటికి బయల్దేరతాయి. వాటిని అలా వదలడం ఇష్టం లేకపోతే లినక్స్‌లో ఇంకో రూట్ వేసి ఉంచండి:

సుడో ఐపీ రూట్ యాడ్ అన్‌రీచబుల్ 10.20.0.0/16 మెట్రిక్ 9999

అదే ప్రిఫిక్స్, పెద్ద మెట్రిక్ కాబట్టి వైర్ ఉన్నంతసేపు ఇది పక్కకి తప్పుకుని ఉంటుంది, వైర్ పోయిన క్షణం అడ్డం నిలబడుతుంది. బ్లాక్‌హోల్ అనే రకం కూడా ఉంది, అది ప్యాకెట్లని చప్పుడు లేకుండా పారేస్తుంది. నేనైతే అన్‌రీచబుల్‌నే ఎంచుకుంటాను, ఎందుకంటే 'అక్కడికి దారి లేదు' అనే అర్థమయ్యే ఎర్రర్ వెంటనే వస్తుంది, ఏం జరిగిందో ప్రోగ్రామ్‌కీ మీకూ తెలుస్తుంది. దీన్ని కూడా వైర్ తీసి, ఐపీ రూట్ గెట్ 10.20.3.4 కొట్టి, నిజంగా ఆపుతోందో లేదో చూసుకోండి.